మగ

కన్నడ తల్లి తన కొడుకుని చూపించి ‘నన్న మగ’ అంటుంది. తెలుగు చెవి ఒక్క క్షణం తడబడుతుంది. ఆమె అన్నది ‘నా కొడుకు’ అని. కూతురైతే ‘మగళు’, పిల్లలందరూ కలిస్తే ‘మక్కళు’, ఆడో మగో చెప్పనక్కర్లేని పసికందు ‘మగు’. బెంగళూరు కుర్రాళ్లు ఒకళ్లనొకళ్లు ‘ఏన్ మగా’ అని పలకరించుకుంటారు. అందులో ఉన్నదీ బిడ్డే.

తమిళంలో మగన్ కొడుకు, మగళ్ కూతురు. ‘మగవు’ అంటే శిశువు. మక్కళ్ అంటే పిల్లలు, అక్కణ్ణుంచి విస్తరించి జనం. మలయాళంలో మకన్, మకళ్. ఈ పొరుగు భాషల ఇళ్లలో ఈ ధాతువు ముఖ్యంగా ఒడిలో పిల్లగానే కనపడుతుంది.

తెలుగులో మాత్రం అది పెరిగి పెద్దదై మీసం దువ్వింది. మనకి కొడుకు వేరు, కూతురు వేరు, బిడ్డ వేరు. మగ అంటే పురుషజాతి. మగడు అంటే భర్త, పాత కావ్యాల్లో వీరుడు కూడా. మగటిమి అంటే పరాక్రమం, మగసిరి అంటే పురుషుడి శోభ, మగపంతం అంటే వదలని పట్టుదల. బిడ్డ కొడుకయ్యాడు, కొడుకు మగవాడయ్యాడు, మగవాడు మొగుడయ్యాడు. ఈ క్రమం ఊహించడం కష్టం కాదు. ఇంత దూరం వచ్చాక వెనక్కి తిరిగి చూసుకోలేదన్నదే నాకు విచారం.

అయినా మాట తన పుట్టుకని పూర్తిగా దాచుకోలేదు. ‘మగువ’ ఉంది కదా. మగడికీ మగువకీ మూలం ఒకటే. మనం ఎదురుబొదురుగా నిలబెట్టే ఇద్దరూ భాష దృష్టిలో ఒక తల్లి పిల్లలు. ‘మగపిల్లాడు’ అనే మాటని విడదీసి చూడండి. మగ అంటే ఒకప్పుడు పిల్లే కనక, చరిత్ర ప్రకారం అది ‘పిల్లపిల్లాడు’. ఆస్తి తగాదాల్లో వినపడే ‘మగసంతు’ కూడా అంతే. సంతు అంటే సంతానం, మగ అంటే మొదట్లో సంతానమే. ఒకే అర్థాన్ని రెండుసార్లు చెప్పుకుంటూ, రెండోసారి కూతుర్ని బయట పెట్టాం.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ‘మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కింది’ అనే సామెతలో మొగుడూ మొగసాలా చుట్టాల్లా వినపడతాయి. కావు. మొగసాల అంటే ఇంటి ముందుభాగం, ముఖశాల. అక్కడున్నది మొగం, మొగుడు కాదు. అయినా సామెత కట్టినవాళ్ల చెవి గొప్పది. మగవాడి సంగతి ఎప్పుడూ ఇంటి ముందే, నలుగురి కళ్ల ముందే తేలుతుందని వాళ్లకి తెలుసు.

ఆ నలుగురి సంగతి ఇంకా బాగా తెలిసిన మాట పౌరుషం. పురుషుడి భావం పౌరుషం. సంస్కృతంలో దీని బతుకు చాలా విశాలం. దైవం గొప్పదా పౌరుషం గొప్పదా అని భారతంలో పెద్దలు వాదించుకున్నప్పుడు పౌరుషం అంటే మనిషి చేసే ప్రయత్నం. వేదాన్ని అపౌరుషేయం అన్నారంటే మనిషి చేసింది కాదని. ఆఖరికి అదొక కొలత కూడా. మనిషి నిలబడి చేతులు పైకెత్తితే ఎంత ఎత్తో అంత. మన ‘నిలువెడు లోతు’కి దగ్గరి బంధువు.

తెలుగులోకి దిగాక ఈ మాట స్వభావం మారింది. మనం ‘పౌరుషం చేశాడు’ అనం. ‘పౌరుషం వచ్చింది’ అంటాం, ‘పౌరుషం పొడుచుకొచ్చింది’ అంటాం. ఎవరో ఏదో అంటేనే అది వస్తుంది. రోషం కూడా ఇంతే. సంస్కృతంలో ఉత్త కోపం. తెలుగులో మాట పడ్డప్పుడు లోపల తగిలే దెబ్బ, ఆ దెబ్బకి పుట్టే పంతం. అది లేనివాణ్ణి ‘ఉప్పూ కారం తినడం లేదా?’ అని అడుగుతాం. ప్రయత్నం పేరు నొప్పి పేరుగా మారింది. చేతులెత్తి నిలబడ్డ మనిషి ఎత్తుకి కొలతగా ఉన్న మాట, ఇప్పుడు ఆ మనిషి ఎంత మాట పడగలడో చెప్పే కొలత.

సంక్రాంతికి కోనసీమ బరుల్లో ఈ మాట ఎంత స్పష్టంగా వినపడుతుందో చెప్పలేను. కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల, ఇలా రంగుల పేర్లతో పుంజుల్ని పిలుస్తారు. ఏ రంగు ఏ వేళ గెలుస్తుందో చెప్పడానికి కుక్కుటశాస్త్రం ఉంది. కత్తి కట్టేది పుంజు కాలికి, పౌరుషం మాత్రం బరి బయట నిలబడ్డ మనిషిది. పల్నాటి కథలో కోడిపందెం ఓడినవాళ్లు రాజ్యం వదిలి వెళ్లారు. అవతల పక్షాన గెలిచింది నాయకురాలు నాగమ్మ. ఓటమి చేదులో సగం అదేనేమో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

రోషం లేని మగవాడికి తెలుగు పెట్టిన పేర్లు చూస్తే మనసు చివుక్కుమంటుంది. దద్దమ్మ. వాజమ్మ. రెండూ మగవాళ్లనే ఎక్కువగా అంటాం, రెండిటి చివరా అమ్మ. మగవాణ్ణి కించపరచడానికి అమ్మని పిలిచాం. ‘గాజులు తొడుక్కో’ అన్నా అదే దారి.

ఇది మన ఒక్కళ్ల అలవాటే కాదు. జపనీయులకి ‘మెమెషీ’ అనే మాట ఉంది. ఆడ అనే అక్షరాన్ని రెండుసార్లు రాస్తే అది. ఆడతనం నిండినవాడు, అంటే పిరికి. దాన్ని ఆడవాళ్లకి వాడరు, మగవాళ్లని తిట్టడానికే. దానికి ఎదురు ‘ఓఓషీ’, మగ అనే అక్షరం రెండుసార్లు, అంటే ధీరోదాత్తం. మనిషిని పొగడాలన్నా తెగడాలన్నా ఆడో మగో రెండింతలు చెయ్యడమే ఆ భాష పద్ధతి. పురుషుణ్ణి సూచించే ‘ఒతోకో’ అక్షరంలో పైన పొలం, కింద బలం. చిత్రలిపి పండితులు ఆ కింది గుర్తుని నాగలిగా చదువుతారు. పౌరుషానికి సంస్కృతంలో ఉన్న అర్థం, పాటుపడటం, ఆ అక్షరంలో ఇంకా కళ్లకి కనపడుతుంది.

ఇంటి మాటల్లోనూ ఆ దేశం మనకి దగ్గర. జపాన్ భర్త తన భార్యని ‘కనాయ్’ అంటాడు, ఇంటి లోపలిది అని. మన ఇల్లాలు ఇంచుమించు ఇదే. భార్య భర్తని ‘షుజిన్’ అంటుంది, యజమాని. ఇల్లుతో కలిసిన మాట ఆడమనిషికి గౌరవం. మగవాడికి మాత్రం ఇల్లు కలిస్తే ఇల్లరికం, ఇల్లటపుటల్లుడు. అదొక తగ్గింపు. జపాన్‌లో అత్తవారి ఇంటిపేరు పెట్టుకుని దత్తు వెళ్లే అల్లుడు ‘ముకోయోషి’. మూడు ‘గో’ల తవుడున్నా ఇల్లరికం వెళ్లకు అని వాళ్ల సామెత. గో అంటే సుమారు 180 మిల్లీలీటర్ల కొలత. ధాన్యం ఆడించగా మిగిలే తవుడు, అదీ మూడు కొలతలపాటిది చాలట, మగవాడు తన గడప దాటకుండా ఉండటానికి. మా వైపు రైసుమిల్లు దగ్గర ఈ సామెత చెప్తే అర్థం అడిగేవాళ్లుండరు.

1945 ఆగస్టు 15న ఆ యజమాని యుద్ధం ఓడిపోయాడు. 1946 ఏప్రిల్లో ఆడవాళ్లు మొదటిసారి ఓటేశారు, 39 మంది సభకి ఎన్నికయ్యారు. 1947 రాజ్యాంగం దంపతులిద్దరికీ సమాన హక్కులు చెప్పింది. ఇంటిపెద్ద అధికారం చట్టంలోంచి పోయింది. 1952 ఏప్రిల్ దాకా దేశం పరాయి సైన్యం పాలనలో ఉంది. యుద్ధం తర్వాత గట్టిపడ్డవి రెండే, ఆడవాళ్లూ మేజోళ్లూ అని అప్పట్లో ఒక నానుడి పుట్టింది. నైలాన్ వచ్చిన రోజులవి. నానుడి నవ్విస్తుంది గానీ, దాన్ని పలికిన గొంతు ఎవరిదో చెప్పకనే చెప్తుంది.

ఆ గొంతు ఆ కాలపు కథల్లో నిండా ఉంది. కోజిమా నొబువో 1954లో రాసిన ‘అమెరికన్ స్కూల్’ కథలో ఇసా అనే ఇంగ్లిషు మాస్టారు ఉంటాడు. ఇంగ్లిషు మాట్లాడాల్సి వస్తుందేమోనని ప్రాణం అరచేతిలో పెట్టుకుని, అమెరికన్ల బడి చూడటానికి మిగతా మాస్టర్లతో నడుస్తాడు. కాళ్లకి అరువు బూట్లు. అవి కరిస్తే విప్పి ఉత్తకాళ్లతో నడుస్తాడు. ఆ గుంపులో ఉన్న ఒకే ఒక్క పంతులమ్మ మిచికో మాత్రం చక్కగా మాట్లాడుతుంది. ఇసా బాధ భాష రాకపోవడం కాదు. మాట్లాడితే తాను ఇంకెవరో అయిపోతానన్న భయం. ఇంగ్లిషు నోట్లో తిరక్క తలొంచుకున్న తెలుగు మగవాళ్లందరికీ ఇసా చుట్టమే.

అదే కోజిమా 1965లో ‘హోయో కజోకు’ రాశాడు. కుటుంబాన్ని కౌగిలించుకోవడం అని ఆ పేరుకి అర్థం. షున్సుకె భార్య ఇంటికొచ్చే అమెరికన్ సిపాయితో సంబంధం పెట్టుకుంటుంది. షున్సుకెకి కోపం రావాలి. వస్తుంది, కానీ నిలబడదు. ఏం చెయ్యాలో తెలియక అమెరికా తరహాలో కొత్త ఇల్లు కడతాడు. భార్య రొమ్ము కేన్సర్‌తో పోతుంది. యజమాని అన్న పేరు మిగిలింది, ఆ పేరు మోసే మనిషి లోపల లేడు.

ఎతో జున్ అనే విమర్శకుడు 1967లో ఈ నవలని, యసుఓకా షోతారో 1959లో రాసిన ‘సముద్రతీర దృశ్యం’తో కలిపి చదివాడు. యసుఓకా కథలో కొడుకు మానసిక చికిత్సాలయంలో చనిపోతున్న తల్లి పక్కన కూర్చుంటాడు. ఎతో పుస్తకం పేరు ‘పరిణతి, నష్టం’, ఉపశీర్షిక తల్లి కూలిపోవడం గురించి. జపాన్ మగవాడు భార్యలో తల్లిని వెతుక్కున్నాడు, ఆ తల్లి కూలిపోయినప్పుడు అతను పెరగక తప్పలేదు, పెరగడమూ చేతకాలేదు అని స్థూలంగా ఆయన వాదన. ఇది చదివినప్పుడు నాకు మెరుపులా తట్టింది మన మాటే. మగ అంటే బిడ్డ. ఎతో ఎంతో శ్రమపడి నవలల్లోంచి తవ్వి తీసిన సంగతి ద్రావిడ ధాతువులో నిద్రపోతోంది. దద్దమ్మలో, వాజమ్మలో అమ్మ ఎందుకు తిష్ఠ వేసిందో కూడా అప్పుడే నాకు అర్థమైంది. మగవాడు పారిపోవాలనుకునేది ఆమె దగ్గర్నుంచే, తిరిగి చేరాలనుకునేదీ ఆమె దగ్గరికే.

ఒసాము దజాయ్ 1948లో ‘నింగెన్ షిక్కకు’ రాసి ఆ ఏడాదే పోయాడు. మనిషిగా అర్హత కోల్పోయినవాడు అని దాని భావం. ఇంచుమించు అదే రోజుల్లో, 1940ల నడుమ, తెలుగులో త్రిపురనేని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ రాశారు. ఒకళ్ల సంగతి ఒకళ్లకి తెలియకుండా రెండు భాషలు ఒకే వేళ మగవాడి పేరుకి ‘కాదు’ని తగిలించాయి.

అసమర్థుడు అనే మాట దగ్గర కాస్త ఆగుతాను. సమర్థం అంటే సమ్ + అర్థం. పాణిని వ్యాకరణంలో ఇది పారిభాషిక పదం. అర్థంతో ఒకదానికొకటి ముడిపడ్డ పదాలు సమర్థాలు, అవే సమాసం కాగలవు. అంటే అసమర్థ పదం పక్క పదంతో కలవలేనిది. గోపీచంద్ నవల నాయకుడు సీతారామారావు కథ అంతా ఇదే. తండ్రి వంశప్రతిష్ఠ నిలపమని చెప్పి పోతాడు. ఆ ప్రతిష్ఠ కోసం ఆస్తి పంచి పెట్టేసి, ఆ తర్వాత భార్యతో, చుట్టాలతో, ఊరితో ఎవ్వరితోనూ కలవలేక, తనని చిన్నచూపు చూశారన్న కసితో రగిలి, చివరికి శ్మశానంలో తన్ను తాను అంతం చేసుకుంటాడు. సమాసంలో ఇమడని ఒంటరి పదం అతను. ఆ నవలని గోపీచంద్ అంకితమిచ్చింది ఎందుకని ప్రశ్నించడం నేర్పిన తన తండ్రికి. కథలో తండ్రి కొడుక్కి బరువిచ్చాడు, బయట తండ్రి ప్రశ్న ఇచ్చాడు.

బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధిని జీవితమంతా వెంటాడేది తల్లి మీద లోకం వేసిన మచ్చ. మళ్లీ అమ్మే. రావిశాస్త్రి గారి సుబ్బయ్య ఆఫీసుకి భయపడతాడు, బావమరిదికి భయపడతాడు, తన నీడకీ భయపడతాడు. ఆ నవల పేరు ‘అల్పజీవి’.

ఈ పేరుకున్న బలం తెలియాలంటే తెలుగు వ్యాకరణం తలుచుకోవాలి. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. మన సంప్రదాయ వ్యాకరణంలో పురుషుల్ని చెప్పే మాటలు మహద్వాచకాలు. మహత్తు అంటే గొప్పది. రాముడు వచ్చాడు. సీత వచ్చింది, ఆవు వచ్చింది, బండి వచ్చింది. ఏకవచనంలో ఆడమనిషి క్రియ ఆవుతోనూ బండితోనూ కలుస్తుంది. తమిళం ఆమెకి వేరే క్రియారూపం ఇచ్చింది, మనం ఇవ్వలేదు. బహువచనానికి వస్తే మాత్రం ‘వాళ్లు వచ్చారు’లో ఆడవాళ్లూ చేరతారు. ఒంటరిగా ఉంటే అది, గుంపైతే వారు. వ్యాకరణం ‘మహత్తు’ అని పీట వేసిన మగవాణ్ణి రావిశాస్త్రి ‘అల్పజీవి’ అన్నారు. ఒక్క మాటతో వందల ఏళ్ల పీట కదిలింది.

పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’లో రావుగారి పీట కదిలించింది తుపాను. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నడిపిన ప్రపంచ కథల పోటీలో ఆ కథకి రెండో బహుమతి వచ్చింది. నియమాల మనిషి రావుగారు మొదట ఈసడించుకున్న బిచ్చగత్తే ఆ రాత్రి ఆయనకి ధైర్యం. 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసిన కోనసీమ మనిషికి ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు. కొబ్బరిచెట్లు కూలుతున్న రాత్రి ఎవరి మహత్తూ ఎవరికీ గుర్తుండదు.

వ్యాకరణంలో మహత్తునీ అమహత్తునీ దాటిన ఇంకో మాట లింగం. గుర్తు అని దాని అసలు అర్థం. శివుడి గుర్తూ అదే, ఆడమగల గుర్తూ అదే. కొత్తపేట మండలంలోని మా పలివెలలో ఆ లింగం మీద కొప్పుంది. అగస్త్యుడు ప్రతిష్ఠించాడని చెప్పుకునే ఉమా కొప్పులింగేశ్వరుడు. పూర్వం అర్చకుడు ఒక వేశ్యని ఇష్టపడి, ఆమె తురుముకున్న దండనే స్వామికి వేశాడని, ప్రసాదంగా అందిన దండలో రాజుకి వెంట్రుక దొరికిందని స్థలపురాణం చెప్తుంది. ఏమిటిది అని రాజు నిలదీస్తే, స్వామికి కొప్పుంది అన్నాడట అర్చకుడు. తెల్లారి చూపించమన్నాడు రాజు. రాత్రంతా అర్చకుడు ఏడ్చి వేడుకుంటే తెల్లవారేసరికి లింగం మీద కొప్పు వెలసింది.

కొప్పు అనే మాట ఎత్తుని చెప్తుంది. ఇంటి నడినెత్తిన ఉండేదీ కొప్పే. తలకట్టులో జుట్టు, సిగ, పిలక, ముడి, కొప్పు అని ఇన్ని ఉన్నా, కొప్పు అనగానే ఆడమనిషి కళ్లకి కడుతుంది. కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమే అన్నది ఆమె గురించే. మగవాడి సిగ పేరు చెప్తే గుర్తొచ్చేది సిగపట్లు. జపాన్ సమురాయికి నెత్తిన ‘చోన్మాగె’ ముడి పరువు. 1871లో ప్రభుత్వం దాన్ని కత్తిరించుకోవచ్చు, కత్తి పెట్టుకోకుండా తిరగొచ్చు అని ఆజ్ఞ ఇస్తే ఎన్ని గుండెలు బరువెక్కాయో. దాదాపు వందేళ్ల తర్వాత, 1970 నవంబరు 25న, ఆ పోయిన మగటిమిని వెనక్కి పిలుస్తూ రచయిత మిషిమా సైనిక శిబిరంలో తన ప్రాణం తీసుకున్నాడు. ఆయన వాక్యం నాకు ఇష్టం, ఆ చావు నాకు ఇష్టం లేదు. తలకట్టు పోయినందుకు కడుపు కోసుకునే దారికన్నా, తన భక్తుడి ప్రాణం కోసం నెత్తిన ఆడమనిషి కొప్పు పెట్టుకున్న పలివెల దేవుడి దారి నాకు గొప్పగా కనపడుతుంది. ఆ కథలో రాజుది పౌరుషం, పూజారిది భయం, దేవుడిది మాత్రం జాలి. మాట పడటానికి సిద్ధపడ్డాడు ఆయన.

1992లో జపాన్‌లో ఉఎనో చిజుకో, ఒగురా చికాకో, తొమియోకా తాఎకో అనే ముగ్గురు ఆడవాళ్లు కలిసి మగ రచయితల్ని చీల్చి చెండాడుతూ ఒక చర్చ పుస్తకం వేశారు. పేరు ‘దన్‌ర్యూ బుంగకురోన్’. ఆడవాళ్లు రాస్తే ‘జోర్యూ’ సాహిత్యం అని వేరే గది కట్టిన లోకానికి, అయితే మీది మగపాయ సాహిత్యం అని పేరు పెట్టి తిరిగిచ్చారు. మన దగ్గర రచయిత్రి అనే మాట ఎప్పుడూ ఉంది, ‘మగ రచయిత’ అనే మాట పెద్దగా వినపడదు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో స్త్రీవాద కవితల సంకలనం ‘నీలి మేఘాలు’ వచ్చింది. ఆ కవయిత్రుల రాతని ‘నీలి’ అని ఎత్తిపొడిచిన మగ విమర్శకుల గొంతులో వినపడింది తెలుగు రోషమే, ఉప్పూ కారం బాగా తిన్న రోషం.

జపాన్ రచయితల్లో కెంజబురో ఓయె మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. 1963లో ఆయనకి తలలో లోపంతో కొడుకు పుట్టాడు. మరుసటి ఏడాది రాసిన ‘వ్యక్తిగత వ్యవహారం’లో బర్డ్ అనే యువకుడు అలాంటి బిడ్డ నుంచే పారిపోతాడు. తాగుతాడు, పాత స్నేహితురాలి ఇంట్లో దాక్కుంటాడు, ఆఫ్రికా పటాలు చూసుకుంటాడు, బిడ్డ చస్తే బాగుండునని కూడా కోరుకుంటాడు. లోకం తనకి అన్యాయం చేసిందన్న కసి అతనిది. చివరికి ఆసుపత్రికి వెనక్కి వెళ్లి బిడ్డని తీసుకుంటాడు. మిషిమాకి ఈ ముగింపు రుచించలేదు. నాకు మాత్రం ఆ కాలపు జపాన్ మగవాళ్లందరిలో మగ అనే మాటకి సొంత అర్థం తిరిగి దొరికింది బర్డ్ ఒక్కడికే అనిపిస్తుంది.

కోనసీమలో ఇప్పుడు చాలా ఇళ్లలో ఇల్లాలు ఇంట్లో లేదు. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంకొకళ్ల ఇంట్లో పనిచేసి డబ్బు పంపుతోంది. మగడు ఇక్కడ పిల్లలతో ఉన్నాడు. కొందరు ఆ డబ్బు తాగుతారు, ఆ డబ్బు తమది కాదన్న రోషంతో ఇంకా తాగుతారు. మరికొందరు వంట చేసి, కూతురికి జడ వేసి, బడికి దింపి వస్తారు. దుబాయ్ వెళ్లొచ్చిన మగవాడికి ‘దుబాయ్ సేటు’ అనే పేరు ఎప్పుడో పుట్టింది. ఇల్లాలికి జోడీగా మగవాడికి మాట లేదు. ‘ఇల్లటం’ అనే మాట చెయ్యలేని పని అది, ఇల్లటంలో ఇల్లు అత్తవారిది. జడ వేసే తండ్రిని వీధి అరుగు మీద ఇంకా వాజమ్మ అనే అంటున్నారు. వేరే మాట కావాలి. అది పండితులు కట్టి ఇచ్చేది కాదు, కొత్తపేట సంతలోనో పలివెల వీధిలోనో ఒక ఆడమనిషి నోట ముందు పుట్టాలి.